ప్రాచీనగాయకస్మరణము – నూతనగానశ్రవణము

గతించిన గాయకులను గౌరవించు విధ మేది? వారి పటములకుఁ బూలదండలు వైచి, వారి కీర్తనలను నాలుగింటిని వల్లించి, అట్టివారు మఱి పుట్టరని పలికి యిండ్లకు మఱలుట గౌరవమగునా? వారు లోకము నే చెవితో వినిరో యా చెవిని మనము సంపాదించుకొనుట గౌరవమగునా? ఈ ప్రశ్న కళింగాంధ్రమునఁ బ్రత్యేకముగా విచార్యము. ఆదిభట్ల నారాయణదాసుగారు, ద్వారం వేంకటస్వామినాయుఁడుగారు, పట్రాయని సీతారామశాస్త్రిగారు, ఘంటసాల వేంకటేశ్వరరావుగారు – వీరి పేళ్లు చెప్పుకొని మా మండలముల వారము గర్వింతుము, స్మారకసభలు జరుపుదుము. గర్వించుట తగును. కాని యా సభలలోఁ బెక్కింటఁ బాల్గొని, కొన్నింటి కధ్యక్షత వహించిన పిదప, ఏఁబది దాఁటిన యీ వయసున నాకొక సందేహము గట్టిపడినది. మనము స్మరించుచున్నాము గాని వినుటలేదు. ఈ సందేహమునకుఁ గారణము నా తప్పిదమే గనుక దానిని మొదటఁ జెప్పుట న్యాయము.

కొన్నియేండ్ల క్రిందట నరసన్నపేట ప్రాంతమున నొక పాఠశాలయందు నారాయణదాసుగారి స్మారకసభ జరిగెను. అధ్యక్షుఁడను నేను. కీర్తనలు ముగిసిన పిదప నెనిమిదవ తరగతి బాలుఁడొకఁడు లేచి, తాత నేర్పిన జముకుపాట నొకదానిని బాడుదునని యడిగెను. ఉపాధ్యాయు లనుమతించిరి. రంగమునకు, అనఁగా బర్మాదేశపు రంగూనునకు, కూలికై బయలుదేఱు మగఁడు భార్యను రమ్మని పిలుచు పాట యది. కళింగపట్టణము, బారువ మొదలగు రేవులనుండి మా ప్రాంతపు జనులు వేలకొలఁది నోడలెక్కిన కాలపు పాట. రెండు చరణములైనను ముగియకమున్నే "ఎల్దము" అను మాట నా చెవినిఁ బడెను. నేను చేయెత్తి పాట నాపి, "నాయనా, ఎల్దము అనరాదు, పోదము అని పాడుము" అంటిని. సభ నవ్వెను. బాలుఁడు సవరించుకొని పాడఁబోయి, గొంతు పెగలక, తలవంచుకొని కూర్చుండెను. ఆ వెనుక నేను లేచి, నారాయణదాసుగారి ప్రతిభను గూర్చి గంటసేపు ప్రసంగించితిని. ఆ బాలుఁడు మఱి యే సభలోను బాడలేదని తరువాత విన్నాను.

నాఁటి తీర్పునకు నా మనస్సున రెండు హేతువు లుండెను. పాటలోని భాష గ్రామ్య మనునది యొకటి. ఆ గానము శాస్త్రబద్ధము కాదనునది రెండవది. ఈ రెండును బరీక్షకు నిలుచునేమో చూతము.

వ్యాకరణము చదివినవాఁడను గనుక మొదటి హేతువును వ్యాకరణముతోడనే పరీక్షించెదను. లక్ష్యమును బట్టి లక్షణ మేర్పడును గాని, లక్షణమును బట్టి లక్ష్యము పుట్టదని మన మందఱము శిష్యులకుఁ జెప్పుదుము. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోయి చేయించుకొనును గాని, శబ్దములు కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోయి చేయించుకొనఁడని పతంజలి పస్పశాహ్నికమునఁ దెలిపినాఁడు గదా! ముప్పదియేండ్లు పాఠము చెప్పిన యీ విషయమును నేను సభలో మఱచితిని. చిన్నయసూరి 1858 లో వెలువరించిన బాలవ్యాకరణము కావ్యభాషకు లక్షణము. జముకుపాట కావ్యము కాదు. గ్రాంథిక వ్యావహారిక వివాదమును మఱల రేఁపుట నా యుద్దేశము కాదు. ఈ వ్యాసమును గ్రాంథికముననే వ్రాయుచున్నాను. కాని శ్రీముఖలింగము చేరువనున్న పర్వతాలపేటలో 1863 లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు సవరలయొద్దఁ గూర్చుండి, వారి నోట విని, వారి భాషకు వ్యాకరణమును నిఘంటువును గూర్చిరి. సవరలను దిద్దుటకు వారు వెళ్లలేదు, వినుటకు వెళ్లిరి. నేను మా మండలపు మాటను, నా యెదుట నిలిచిన బాలుని నోటనే, విననొల్లకపోయితిని.

"ఎల్దము" అను రూపమును లయతోఁ జేర్చి చూచినచో మఱియొక విషయము తేటపడును. ఆ పాట చతురశ్రగతిని నడచును. "వెళ్లుదము" అన్నచో సంయోగపూర్వ మగుటచే మొదటి యక్షరము గురువు, తక్కిన మూఁడును లఘువులు; మొత్తము మాత్ర లైదు. "ఎల్దము" అన్నచో గురు వొకటి, లఘువులు రెండు, మాత్రలు నాలుగు. గతికి నాలుగే కావలయును. మఱియు జముకుమీఁద దెబ్బ పడిన వెంటనే గొంతు లేవవలసిన చోటది. పదాదియందలి వకారము లోపించుటచే స్వరము నిరాటంకముగా నందుకొనును. పాడువాఁ డీ గణితము నెఱుఁగఁడు. అతని చెవి యెఱుఁగును. అయినచో "పోదము" అనుటకేమి, అదియు నాలుగు మాత్రలే గదా యని పండితు లడుగవచ్చును. నేనును నట్లే తలఁచితిని. దాని కుత్తరము వ్యాకరణమునఁ గాని ఛందస్సునఁ గాని లేదు; తరువాతఁ జెప్పెదను.

ఇఁక రెండవ హేతువు. సంగీతశాస్త్ర మేమనుచున్నది? స్త్రీలు, బాలురు, గోపాలురు, భూపాలురు తమతమ దేశములఁ దమ యిచ్ఛకొలఁది ననురాగముతోఁ బాడునది దేశి యని మతంగుఁడు బృహద్దేశియందు నిర్వచించెను. పసులకాపరిని బ్రభువును నొకే నిర్వచనమునఁ బ్రక్కప్రక్కఁ గూర్చుండఁబెట్టిన శాస్త్రకారుని పేరు చెప్పి కాపరిపాట నాపుట యెట్లు? పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, ఆనందపదములు, వాలేశుపదములు, వెన్నెలపదములు మొదలగువానిని బేర్కొనెను. ఆ పేళ్లను మనము పరీక్షలలో నడుగుదుము. విద్యార్థులు వల్లించి మార్కులు పొందుదురు. వెన్నెలపద మెట్లుండెనని యడిగినచో నడిగినవారును, నుత్తరము వ్రాసినవారును మౌనము వహింపవలసినదే. పదునేడవ శతాబ్దిని వేంకటమఖి చతుర్దండిప్రకాశికయందు డెబ్బదిరెండు మేళములను ప్రస్తరించెను. నాఁడు వ్యవహారమున నున్నవి పందొమ్మిదియే. తక్కినవి వ్యర్థములు గదా యను నాక్షేపమును దానే యెత్తుకొని, దేశాంతరములందున్నవియు, ముందు పుట్టఁబోవునవియు నగు రాగములకుఁ గూడఁ జోటు కావలెనని యతఁడు సమాధానము చెప్పెను. ఇంకను బుట్టని రాగమునకుఁ బీట వైచి యుంచినది మన శాస్త్రము. పుట్టి పెరిగి యూరిలోఁ దిరుగుచున్న పాటకుఁ బీట లేదన్నది నేను.

శాస్త్రమిట్లుండఁగా, మనము పూజించు మహనీయుల చరిత్ర మెట్లున్నది? నారాయణదాసుగారు 1864 లో నజ్జాడ గ్రామమున జన్మించిరి. 1883 లో విజయనగరమునకు మదరాసునుండి వచ్చిన కుప్పుస్వామినాయుఁడను కథకుని హరికథ వినిరి. అప్పటికి వారు పందొమ్మిదేండ్ల వాఁడు. విన్నది క్రొత్త; మనసునకు నచ్చెను; ఆ యేఁడే ధ్రువచరిత్రమును దాము రచించి గజ్జెకట్టిరి. నేఁడు హరికథ మన సంప్రదాయమని చెప్పుకొనుచున్నాము. నాఁడా పందొమ్మిదేండ్ల యువకుని నెవఁడైనఁ బండితుఁడు చేయెత్తి యాపియుండినచో హరికథాపితామహుఁ డెక్కడ? వారి సాహిత్యమును జూడుఁడు. కాళిదాసును షేక్స్పియరును జోడించి నవరసతరంగిణిని గూర్చిరి. పారసీకము నేర్చి ఉమర్ ఖయ్యాము రుబాయతులను సంస్కృతమునను నచ్చతెలుఁగునను బరివర్తించిరి. అచ్చతెలుఁగునకు వారికంటె నభిమాని లేఁడు. అన్యదేశపు మాట వినుటకు వారికంటె నుత్సాహి లేఁడు. తన భాషపై నంత పట్టుగలవాఁడు గనుకనే పరభాషకు వెఱవలేదు.

ద్వారంవారి మాట మఱింత స్పష్టము. 1893 లో బుట్టిన యీ మహావిద్వాంసునకుఁ బ్రసిద్ధి తెచ్చిన వాద్య మేది? ఫిడేలు! ముత్తుస్వామిదీక్షితుల సోదరుఁడు బాలుస్వామిదీక్షితులు (1786–1858) ఐరోపావారియొద్ద నేర్చి మన సంగీతమునఁ బ్రవేశపెట్టిన పరదేశవాద్యము. ముత్తుస్వామిదీక్షితులును బాశ్చాత్యుల వరుసలు విని వానికి సంస్కృతసాహిత్యము కూర్చిరి, అవియే నోటుస్వరములు. 1919 లో విజయనగరమున సంగీతకళాశాల వెలసినపుడు నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. అందు విద్యార్థిగాఁ జేరవచ్చిన ద్వారంవారి వాదనము విని, వారిని విద్యార్థిగాఁ గాక యధ్యాపకునిగా నియమించిన వృత్తాంతము జగద్విదితము. ఇందు వాదకుని గొప్ప యెంతయో విన్నవారి గొప్పయు నంతయే. నియమావళి తెఱచి చూచియుండినచో నొక విద్యార్థి చేరియుండెడివాఁడు. చెవి తెఱచి వినిరి గనుక నొక యాచార్యుఁడు దొరకెను. గాత్రమునకుఁ దోడుగా నుండెడి ఫిడేలును దనంతఁ దాను సభ రంజింపఁగల వాద్యముగా నిలిపినవారిలో ద్వారంవా రగ్రగణ్యులు. 1941 లో మదరాసు సంగీతవిద్వత్సభ వారిని సంగీతకళానిధి బిరుదముతో గౌరవించెను.

ఘంటసాలవారు 1922 లో జన్మించి, బాల్యమున విజయనగరము చేరి, మధుకరము చేసికొని భుజించుచుఁ బట్రాయని సీతారామశాస్త్రిగారి శిక్షణమున గాయకులైరి. పద్యపఠనమున వారు చేసిన మార్పును మనము సరిగా గుర్తింపలేదని నా యభిప్రాయము. నాటకరంగమునఁ బద్యమునకు రాగాలాపము దీర్ఘమై, సమాసము నడుమ విఱిగి, యర్థము శ్రోతకుఁ జేరక పోవుట తఱచు. ఘంటసాలవా రాలాపము నదుపుచేసి, పదచ్ఛేదమును గాపాడి, భావమున్నచోటనే రాగమును విరియించిరి. కరుణశ్రీ పుష్పవిలాపమును వారి కంఠమున విన్నవారికి నిది తెలియును. పద్యమును సంక్షేపముగాఁ బాడుట నాఁటికిఁ గ్రొత్త, నేఁడదియే ప్రమాణము. 1974 లో వారు గతించిన పిదప వారి గొంతు ననుకరించువారు వేలమంది. వారివలెఁ బద్యార్థమును విచారించువా రెందఱు?

ఈ నియమము మన దేశమునకే చెల్లునా, లోకమున నంతట నున్నదా యని నాకు సందేహము కలిగినది. అమెరికాదేశమున నుద్యోగము చేయు నా మేనకోడలు సెలవులకు వచ్చినపుడు తన సెల్ఫోనునఁ గొన్ని పాటలు వినిపించి, "మావయ్యా, ఇవి అక్కడి పాతపాటలు, మన త్యాగరాజ కృతుల్లాగ గౌరవిస్తారు" అని చెప్పినది. రాక్ అనియు, సోల్ అనియు నా గానములకుఁ బేళ్లు. సోల్ అనఁగా నాత్మ. మొదటిదినము నాకుఁ గోలాహలముగాఁ దోఁచెను. నాలవదినమున వాని నడక పట్టుపడినది. దాసులుగాఁ గొనిపోఁబడిన నల్లజాతివారి పొలముపాటలును, దేవాలయభజనలును నీ గానములకుఁ దల్లివేళ్లు. ముందొకఁ డనును, వెంట సమూహ మందుకొనును. మన దంపుళ్లపాటలలోను, జముకులకథలో వంతపాటలోను నున్నదిదియే.

రే చార్ల్సు (1930–2004) యను నంధగాయకుఁడు 1954 లోఁ జర్చిభజన నడకను శృంగారగీతమునకుఁ దెచ్చెను. దేవుని పాటను వీథిపాలు చేసెనని భక్తులు గర్హించిరి. క్షేత్రయ్య పదములను జదివిన మనకీ గర్హ క్రొత్తది కాదు. ఆరీతా ఫ్రాంక్లిన్ (1942–2018) మతబోధకుని కూఁతురు. ఓటిస్ రెడ్డింగ్ 1965 లో రచించి పాడిన పాట నొకదానిని నామె 1967 లోఁ బాడినది. ఇంటికి వచ్చిన మగఁడు తనకు మర్యాద కావలెనని యాలి నడుగు పాట యది. అదే యడుగుదల స్త్రీనోట వెలువడఁగా నర్థము తలక్రిందులైనది; ఒక యింటి తగవు స్త్రీజాతియొక్కయు, నల్లజాతియొక్కయు హక్కుగా ధ్వనించినది. మాటలు కొలఁదిగా మాఱినవి. వక్త మాఱుటయే ముఖ్యము. వక్తృబోద్ధవ్యాదుల వైశిష్ట్యముచే వ్యంగ్యార్థము పుట్టునని మమ్మటుఁడు చెప్పినదాని కింతకంటె మంచి యుదాహరణము నే నిటీవల వినలేదు. అల్లరిపాట లనఁబడిన యీ గానములను గౌరవించుటకై యచట నొక కీర్తిమందిర మేర్పడి, 1986 లో మొదటి వరుసనే చక్ బెరీని, రే చార్ల్సును జేర్చుకొనినది. 1987 లోఁ జేరిన ఆరీతా యందుఁ బ్రథమమహిళ. 1977 లో నంతరిక్షమునకుఁ బంపిన వాయేజరు నౌకలలోని స్వర్ణఫలకమున చక్ బెరీ పాటయుఁ గలదు, మన కేసర్బాయి కేర్కర్ పాడిన భైరవీరాగగీతమును గలదు. ఒకే ఫలకమున నవి రెండును నక్షత్రములదెసకుఁ బయనించుచుండఁగా, ఒకే సభలో హరికథయు జముకుపాటయు నిముడవా?

అయినచోఁ గ్రొత్తదెల్ల మేలని నే ననుటలేదు. పాఁతదగుట మంచితనమునకుఁ గారణము కాదు, క్రొత్తదగుట దోషమునకుఁ గారణము కాదు అని మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలోఁ గాళిదాసు సూత్రధారునిచేఁ జెప్పించినాఁడు. పరీక్షించి గ్రహింపుఁడని యా మాటకు భావము. పరీక్షకు నేను మూఁడు ప్రశ్నలను బెట్టుకొందును. శ్రుతిలయలు నిలిచినవా? మాటకు వరుస తగినదా, కాక వరుసకై మాట చచ్చినదా? మఱలమఱల విన్నపుడు క్రొత్త యర్థము తోఁచుచున్నదా? ఈ పరీక్షకు నిలువని పాటలు నేఁడు కొల్లలు. నిలువని పాఁతకీర్తనలును గలవు. భక్తిచే వాని నూరకుందుము.

ఉదాహరణమునకు వంగపండు ప్రసాదరావును దీసికొందము. 1943 లోఁ బార్వతీపురము చేరువ పెదబొండపల్లిలోఁ బుట్టి, 2020 ఆగస్టు 4 వ తేదీని గతించిన యీ ప్రజాకవి కాళ్లకు గజ్జెలు కట్టి పాడెను. కథకుని గజ్జె దాసుగారినుండి పాడుకవి కాలికి వచ్చినది. కళింగాంధ్రపు మాటను మార్పక పాటలోఁ బెట్టెను. ఆ మాట, ఆ గతి, ఆ పల్లవి యొకదానితో నొకటి విడదీయరాకుండ నతికినవి. ఉపదేశము పాటను మించినచోట రచన పలుచఁబడిన మాటయు నిజమే. గుణదోషముల రెంటినిఁ జెప్పుటయే విమర్శ. నేను వారి జీవితకాలమున నీ పని చేయలేదు. వారి పాటను విమర్శార్హముగానే యెంచలేదు. నిందించుటకంటె నిది పెద్ద యవమానము.

ఈ విచార మంతయుఁ బెరిగిన పిదప, పోయిన వేసవిలో నే నా బాలుని గ్రామమునకు వెళ్లితిని. తాత యెనుబదేండ్ల వృద్ధుఁడు. జముకు గోడకు వ్రేలాడుచుండెను. తోలు చినిఁగినది, తీఁగ యూడినది. మోకాలిపైఁ జేతితో దరు వైచుచు నాపాట నాద్యంతము నాకుఁ బాడి వినిపించెను. నేను సభలో నాపిన చోటికి రాఁగానే గొంతు తగ్గించెను. అపు డడిగితిని: "తాతగారూ, ఎల్దము అనుటకు మాఱుగాఁ బోదము అనరాదా?" ముసలివాఁడు నావైపు జాలిగాఁ జూచి, "పోదమంటే ఎలాగ బాబూ? పోయినోలు మరి రారు గదా! ఎల్లినోలైతే మల్లీ వొస్తారు. రంగమెల్లినోలు తిరిగి రావాల గదా!" అనెను. నాకు మాట రాలేదు. ఓడ యెక్కువాని నోట నశుభము పలికింపఁగూడదని పాట కట్టినవాఁ డెఱుఁగును. ఔచిత్యమును గూర్చి క్షేమేంద్రుని పాఠము చెప్పు నేను, ఔచిత్య మున్నచోట దానిని గొట్టివేసి, యమంగళమును దెచ్చిపెట్టితిని. శబ్దశుద్ధికై యర్థమును జంపితిని.

బాలుఁ డెక్కడ నని యడిగితిని. చదువు మానుకొని చెన్నపట్టణమునకుఁ గట్టడపుఁ బనికిఁ బోయెనని వ్రాయఁబోయి, వెళ్లెనని వ్రాయుచున్నాను. పాట యతనికి జ్ఞాపకమున్నదో లేదో తాతకుఁ దెలియదు.

కావున విద్వాంసులకును, బాఠశాలల పండితులకును నా విన్నప మిది. స్మారకసభలు మానవలదు. అందు సగము కాలము మహనీయుల కీర్తనలకును, సగము కాలము సభవారు మునుపు వినని గానమునకును గేటాయింపుఁడు. ప్రతి విద్యార్థియు నింటిలోని పెద్దలయొద్ద నొక పాటను విని వచ్చునట్లు చేయుఁడు. జముకులకథలు, తప్పెటగుళ్లు పాడు వృద్ధులు మన గ్రామములలో నింకను గలరు. వారి పాటలను యంత్రమునఁ బట్టించి, వారు పలికిన రూపముననే, గతిని సూచించి వ్రాయుఁడు. దిద్దవలదు. అర్థముకాని మాట కనఁబడినచోఁ దప్పని తలఁపక, పాడినవాని నడుగుఁడు. ఇది వ్యాకరణమునకు విరుద్ధము కాదు; లక్ష్యసేకరణమే వ్యాకరణమునకు మొదటి మెట్టు. తాత పాటను నే నిట్లే వ్రాసికొంటిని. దాని ప్రతి నొకదానిని నే నాపిన సభ జరిగిన పాఠశాలకే యిచ్చితిని. రాఁబోవు దాసుగారి సభలో దానిని బాడింతురఁట. నన్ను మఱల నధ్యక్షుఁడుగా రమ్మనిరి. అధ్యక్షత యొల్లనని, శ్రోతగా వత్తునని చెప్పితిని.